నొప్పి లేదని ఊరుకుంటే చూపు పోతుంది

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో మా గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, అప్పుల లెక్కలు ఇప్పుడే విన్నాం. మేము ఈసారి కళ్ల గురించి చెబుదామని వచ్చాం. మా సంఘంలో ఒక అక్కకు జరిగింది మీలో ఎవరికీ జరగకూడదు.

ఆ అక్క మిషన్ కుడుతుంది. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తుంది. తీర్మానాల పుస్తకం చదివే సంతకం పెడుతుంది. కానీ రెండేళ్లుగా గడప తగిలి తూలేది, పక్కన పెట్టిన చెంబును తన్నేది, పక్క నుంచి వచ్చే బండి మీదికి వచ్చేదాకా చూసేది కాదు. "నీ ధ్యాస ఎక్కడుందే?" అని మేమే నవ్వినం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది.

తోడికోడలి శుక్లం ఆపరేషన్‌కు తోడుగా పోయి, ఎట్లాగూ వచ్చాం కదా అని తనూ చూపించుకుంది. నీటికాసులు అని తేలింది. రెండు కళ్లలోనూ పక్క చూపు చాలావరకు పోయింది, ఎదుటి చూపు మిగిలింది. "పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకుందాం" అన్నారు డాక్టరమ్మ.

శుక్లం వేరు, నీటికాసులు వేరు. శుక్లానికి ఆపరేషన్ చేస్తే సాధారణంగా చూపు వస్తుంది. నీటికాసుల్లో, కంట్లో ఊరే నీరు సరిగ్గా బయటికి పోక ఒత్తిడి పెరిగి, చూపును మెదడుకు చేర్చే నరం దెబ్బతింటుంది. కొందరికి ఒత్తిడి మామూలుగా ఉన్నా నరం దెబ్బతింటుంది. చాలామందికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. అందుకే పరీక్ష చేస్తేనే బయటపడుతుంది.

కొందరికి మాత్రం ఉన్నట్టుండి కన్ను ఎర్రబడి, భరించలేని నొప్పి, వాంతులు వస్తాయి. దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. అప్పుడు తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

2018 ఆగస్టు 15న మన రాష్ట్రంలో కంటి వెలుగు మొదలైంది. మనలో చాలామందిమి ఆ శిబిరాల్లో అద్దాలు తెచ్చుకున్నాం. మంచిదే. కానీ అద్దాలు వచ్చాయి కదా, ఇక అయిపోయింది అనుకోవద్దు. కంటి ఒత్తిడి, కంటి నరం కూడా చూడమని డాక్టరును అడగాలి. 40 దాటినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, అమ్మానాన్నలకో తోడబుట్టినవాళ్లకో ఈ జబ్బు ఉన్నవాళ్లు తప్పక చూపించుకోవాలి. కన్ను దురదపెడితే మందుల షాపులో అడిగి చుక్కలు తెచ్చి వాడొద్దు. స్టెరాయిడ్ ఉన్న చుక్కలు నెలల తరబడి వేస్తే ఒత్తిడి పెరగొచ్చు.

ఇంకో మాట. ఆ అక్క ఒక సీసా వాడి, "చూపేమీ పెరగలేదు, డబ్బు దండగ" అని మానేసింది. రెండు నెలల తర్వాత గాని మాకు తెలియలేదు. చుక్కలు చూపు పెంచడానికి కాదక్కా, ఉన్నది నిలబెట్టడానికి అని కూర్చోబెట్టి చెప్పినం. మందులకు సంఘం నుంచి చిన్న అప్పు ఇచ్చినం. ఇప్పుడు ప్రతి సమావేశంలో పొదుపు కట్టావా అన్నట్టే చుక్కలు వేశావా అని అడుగుతున్నాం. ఆమె చెల్లెలిని కూడా పంపించాం. ఆమెకు మొదట్లోనే తెలిసింది, చూపు ఇంకా పోలేదు.

మా సంఘం మూడు తీర్మానాలు చేసింది. 40 దాటిన ప్రతి సభ్యురాలూ ఏడాదికోసారి కంటి పరీక్ష చేయించుకోవాలి. ఆ తేదీ మా రిజిస్టర్‌లో రాయాలి. ఒంటరిగా పోలేనివాళ్లకు ఒకరు తోడు పోవాలి. మీ సంఘాల్లోనూ ఇలా చేయమని కోరుతున్నాం.

ఆ అక్క ఇదిగో, ముందు వరుసలోనే కూర్చుంది. తన సంగతి అందరికీ చెప్పమని తనే మమ్మల్ని పంపింది.