కంప్యూటరుకూ గాలి ఆడాలి
(సంఘ వార్షిక సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



చదువులను గురించి, స్కాలర్‌షిప్పులను గురించి పెద్దలు చెప్పవలసినది చెప్పినారు. మేము ఒక చిన్న విషయము మాత్రమే ముచ్చటించదలచినాము. చిన్నదే గానీ మన ఇంటి డబ్బుతో, పిల్లల బ్రతుకుతెరువుతో ముడిపడినది. అదేమంటే, బరువైన పని చేసేటప్పుడు కంప్యూటరు వేడెక్కిపోవడము.

మన పాణ్యంలో పెళ్ళి వీడియోలు ఎడిటింగు చేసి సంపాదించే యువకులున్నారు. ఫ్లెక్సీలకు డిజైన్లు వేసేవాళ్ళున్నారు. ఇంజనీరింగు చదివే ఆడపిల్లలున్నారు. చీటీ పాడో, తల్లి కమ్మలు కుదువ పెట్టో లాప్‌టాప్ కొని ఉంటారు. ఎండాకాలము రాగానే మా దగ్గరికి వచ్చి, "సార్, మధ్యలో ఆగిపోతాంది, పాతబడిపోయింది, అమ్మేసి కొత్తది తీసుకుంటాం" అంటారు. మేము అడిగేది ఒకటే: "దుమ్ము ఎప్పుడు దులిపినావు బేటా?" ఆ మాటకు చాలామంది దగ్గర జవాబు ఉండదు.

అసలు సంగతి తెలుసుకుందాము. కంప్యూటరు వాడుకున్న కరెంటు దాదాపు అంతా చివరకు వేడిగానే మారుతుంది. ఉత్తరము టైపు చేసేటప్పుడు ప్రాసెసరుకు పని తక్కువ, వేడీ తక్కువే. వీడియో తయారుచేసేటప్పుడు గానీ, పెద్ద ఆటలు ఆడేటప్పుడు గానీ పాతకాలపు 60 వాట్ల బల్బు వేడి అంతా గోరంత చోట పుడుతుంది. ఆ వేడిని ఒక లోహపు దిమ్మె లాక్కుంటే, ఫ్యాను బయటికి తోస్తుంది. చాలా ప్రాసెసర్లకు 95 నుండి 105 డిగ్రీల మధ్య ఒక హద్దు పెట్టి ఉంటారు. అక్కడికి చేరగానే యంత్రము తనంతట తానే నిదానిస్తుంది. ఇంకా మించితే ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నము ఎద్దు రొప్పుతూ నిలబడిపోతే అది సోమరితనమా? ప్రాణము కాపాడుకోవడము. ఇదీ అంతే. కావున నిదానించినదల్లా ముసలిదని అనుకోరాదు.

ఇక మన ఊరి సంగతి. ఫ్యాను చల్లదనాన్ని పుట్టించదండీ, ఉన్న గాలినే తోలుతుంది. గదిలో 25 డిగ్రీలున్నప్పుడు ఒక పనికి ప్రాసెసరు 80 దాకా పోయిందనుకోండి. అదే పని మే నెలలో, రేకుల కింద, గది 42 ఉన్నప్పుడు చేస్తే ఇంచుమించు 97కు చేరుతుంది. యంత్రమూ అదే, పనీ అదే, మారినది గాలి మాత్రమే. మన పక్కనే గని, శకునాల దగ్గర 2017లో పూర్తయిన 1,000 మెగావాట్ల సోలారు పార్కు ఉన్నది కదా. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందని అనుకుంటాము. కానీ ఆ పలకలు కూడా 25 డిగ్రీలు దాటి వేడెక్కిన ప్రతి డిగ్రీకి ఇంచుమించు 0.4 శాతము శక్తి పోగొట్టుకుంటాయి. వేడికి లొంగని యంత్రము లేదు.

మరి ఏమి చేయాలి? ఏసీ కొనలేని ఇంట్లో కూడా చేయదగినవే చెబుతాము.

మొదటిది, చోటు. లాప్‌టాప్‌ను పరుపు మీద, బొంత మీద, ఒడిలో పెట్టుకొని బరువైన పని చేయరాదు. గాలి పోయే రంధ్రాలు మూసుకుపోతాయి. చెక్క బల్ల గానీ, నాపబండ గానీ మేలు. వెనుకభాగము కొద్దిగా ఎత్తిపెడితే ఇంకా మంచిది. పెద్ద కంప్యూటరైతే గోడకు జానెడు దూరములో ఉంచండి, బీరువా సందులో దూర్చవద్దు.

రెండవది, దుమ్ము. లారీల దుమ్ము, బండల దుమ్ము మనకు తక్కువా? రెండు మూడు నెలలకొకసారి కరెంటు తీసివేసి, ఫ్యాను రెక్క తిరగకుండా పుల్లతో పట్టుకొని, బ్లోయరుతో కొంచెము కొంచెముగా ఊదించాలి. తడిబట్ట పనికిరాదు.

మూడవది, పేస్టు. ప్రాసెసరుకూ లోహపు దిమ్మెకూ మధ్య పూసే పేస్టు కొన్నేండ్లకు ఎండిపోతుంది. దుమ్ము దులిపినా వేడి తగ్గకపోతే మెకానిక్కుతో అది మార్పించండి. కొత్త యంత్రము ఖరీదు ముందు అది లెక్కలోకి రాదు.

నాల్గవది, వేళ. వీడియో తయారయ్యే గంటల పనిని మధ్యాహ్నము పెట్టుకోవద్దు. ఇషా తరువాత పెట్టి పడుకోండి, లేదా ఫజర్ నమాజు కాగానే మొదలుపెట్టండి. ఇది ఖర్చు లేని ఉపాయము.

ఐదవది, పట్టు. అక్కరలేని ప్రోగ్రాములు మూసివేయండి. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో 'మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్' కనిపిస్తే 100 నుండి 99కి దించి చూడండి. చాలా యంత్రాలలో అదనపు వేగము ఆగి, వేడి బాగా తగ్గుతుంది. పని కొంచెము ఆలస్యమైనా మధ్యలో ఆగకుండా పూర్తవుతుంది.

చేయకూడనివి కూడా వినండి. ఐసు ముక్కలు ఆనించడము, ఫ్రిజ్‌లో పెట్టడము వద్దు, లోపల చెమ్మ పట్టి చెడిపోతుంది. నీళ్ళ కూలరు గాలి నేరుగా యంత్రానికి కొట్టనివ్వవద్దు. లాప్‌టాప్ అడుగు ఉబ్బినట్లు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బిందేమో అని అనుమానించి, ఛార్జింగు మాని వెంటనే మెకానిక్కుకు చూపించండి. ఆ విషయములో రేపు మాపు అనుకోరాదు, నిప్పు ప్రమాదము ఉన్నది.

చివరగా సంఘానికి ఒక మనవి. ఏటా ఎండలు ముదరకముందే, మార్చి నెలలో ఒక ఆదివారము, కంప్యూటరు పని తెలిసిన మన పిల్లలను నలుగురిని కూర్చోబెట్టి, ఒక బ్లోయరు, ఒక స్క్రూడ్రైవర్ల పెట్టె, ఒక పేస్టు గొట్టము ఇప్పించండి. బీదింటి పిల్లల యంత్రాలన్నీ ఆ రోజు శుభ్రమవుతాయి. పారవేయబోయిన లాప్‌టాప్ ఒక్కటి మళ్ళీ పనికి వచ్చినా, ఒక తల్లి కమ్మలు కుదువకు పోకుండా నిలుస్తాయి. ఇంతకంటే పెద్ద సంక్షేమము ఏమున్నది?