నాసి లెమాక్‌లో నెత్తళ్ళు



పరాయి దేశం వెళ్ళివచ్చిన వాళ్ళను మనం మొదట ఏమడుగుతాం? "అక్కడ తిండి ఎలా ఉంది?" అనే కదా! 2024 మే నెలలో, వేసవి సెలవుల్లో నేను మలేషియా వెళ్ళాను. బరంపురం తిరిగి రాగానే మా వీధివాళ్ళూ అదే అడిగారు. వాళ్ళకు చెప్పిందే ఇవాళ మీకూ చెబుతాను.

నాతో బి.ఇడి. చదివిన స్నేహితురాలు కౌలాలంపూర్‌లో ఉపాధ్యాయినిగా పనిచేస్తోంది. ఒక ఆదివారం పొద్దున్నే నన్ను బ్రిక్‌ఫీల్డ్స్ అనే పేటకు ఫలహారానికి తీసుకువెళ్ళింది. వాళ్ళ బడి పంతులమ్మలు మరో ఇద్దరు వచ్చారు. ఒకావిడ చైనా సంతతి మనిషి. రెండో అమ్మాయి పేరాక్ రాష్ట్రంలో కొబ్బరితోటల మధ్య పుట్టిన తెలుగు పిల్ల. మేం కూర్చున్నది ఒక 'మామక్' హోటల్లో. తమిళ ముస్లింలు నడిపే హోటళ్ళను అక్కడ అలా పిలుస్తారు. చాలావాటికి రాత్రీ పగలూ తేడా లేదు, తలుపు వేయరు.

ముందు రోటీ చనాయ్ వచ్చింది. మైదాపిండిని నూనెతో కలిపి నానబెట్టి, ముద్దను గాలిలో విసిరి విసిరి పల్చగా సాగదీసి, మడతలు పెట్టి పెనం మీద కాలుస్తారు. పక్కన పప్పుకూర. మన పరోటాకు దగ్గర చుట్టమే. అందరం చేత్తో తుంచుకునే తిన్నాం, చైనా ఆవిడతో సహా. తాగడానికి 'తే తారిక్', అంటే లాగిన టీ. చిక్కటి డబ్బాపాలు కలిపిన టీని ఒక గిన్నెలోంచి మరో గిన్నెలోకి ఎత్తునుంచి పోస్తే పైన నురగ కడుతుంది. తీపి ఎక్కువ. తగ్గించమనాలంటే 'కురాంగ్ మానిస్' అనాలి. నేను నేర్చుకున్న మొదటి మలయ్ మాట అదే.

తర్వాత అరిటాకు పొట్లంలో నాసి లెమాక్ వచ్చింది. నాసి అంటే అన్నం, లెమాక్ అంటే కొవ్వు, కమ్మదనం. కొబ్బరిపాలలో వండిన అన్నం, దానిలో ఎండుమిర్చి, ఉల్లి, రొయ్యలముద్ద కలిపి వేయించిన సంబల్, పక్కన వేరుశనగ గింజలు, దోసముక్కలు, ఉడికిన గుడ్డు. శాకాహారులు వెళితే ఆ సంబల్ సంగతి ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

పొట్లం విప్పగానే ఎక్కడో ఎరిగిన వాసన తగిలింది. అన్నం ఉడికేటప్పుడు అందులో పాండాన్ ఆకు ముడివేసి వేస్తారట. ఆ పాండాన్ మన మొగలికి వరసకు చెల్లెలు. గోపాలపురం, ఛత్రపురం వైపు పొలంగట్ల మీద మొగలిపొదలు చూసిన మీకు ఇక వేరే చెప్పాలా! మనం పువ్వునుంచి అత్తరు తీస్తాం, వాళ్ళు ఆకుతో అన్నం వండుతారు.

ఇంతలో ఆ తెలుగు అమ్మాయి నా ఆకులో కరకరలాడే చిన్నచిన్న ఎండుచేపలు చూపించి, "అప్పా, నెత్తళ్ళు! బేగి తిను" అంది. నా చెయ్యి ఆగిపోయింది. మా అమ్మమ్మ గొంతు విన్నట్టయింది. 'మీరు', 'తమరు' లాంటి మాటలు ఆ పిల్లకు రావు. బడిలో చదివింది తమిళం, మలయ్, ఇంగ్లీషు. తెలుగు మాత్రం వాళ్ళ అవ్వ వంటింట్లో నేర్చుకున్నది.

ఆమె ముత్తాతది శ్రీకాకుళం వైపు పల్లె. తెల్లవాళ్ళ తోటల్లో కూలికి ఓడెక్కి మలయా వెళ్ళినవాడు. ఆ రోజుల్లో మన గంజాం, అటు విశాఖపట్నం జిల్లాలు రెండూ మద్రాసు రాజధానిలోనివే. 1936లో ఒడిషా విడిరాష్ట్రమైతే మనం గీతకు ఇవతల మిగిలాం, వాళ్ళు అప్పటికే సముద్రానికి అవతల. 1955లో అక్కడి తెలుగువాళ్ళు ఒక ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. అదే నేటి మలేషియా తెలుగు సంఘం.

"అవ్వ పోయాక నాతో తెలుగు మాటాడేవాళ్ళు లేరప్పా. నెత్తళ్ళు ఎలా రాస్తారు?" అని అడిగింది. చేతులు తుడుచుకునే కాగితం మీద రాసి ఇచ్చాను. దానికింద తను రెండుసార్లు దిద్ది, మడిచి సంచిలో దాచుకుంది.

అదే సంవత్సరం డిసెంబరులో యునెస్కో మలేషియా ఉదయపు ఫలహార సంప్రదాయాన్ని మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. నాసి లెమాక్, రోటీ చనాయ్, తే తారిక్ మూడింటి పేర్లూ పేపర్లో చదివి సంతోషించాను. కానీ నన్ను కుదిపిన సంగతి మా ఇంట్లోనే జరిగింది.

ఊరు చేరిన రాత్రి మా అమ్మాయికి ఈ కథంతా చెప్పాను. అది విని, "నెత్తళ్ళంటే ఏంటమ్మా?" అంది. మా ఇంట్లో వాటిని 'సుఖువా' అంటున్నాం. చదువు బాగుపడాలని దానితో ఒడియాలోనే మాట్లాడుతూ వచ్చింది నేనే. సముద్రం దాటి నాలుగు తరాలైనా అక్కడ నిలిచిన మాట, ఇక్కడ ఒక్క తరంలో నా చేతిలోనే జారిపోయింది.

ఒడియా వద్దని నేననను. బడిలో నేను పాఠం చెప్పేది ఆ భాషలోనే, నాకు అన్నం పెట్టేదీ అదే. రెండు భాషలు మనకు రెండు చేతులు. కాకపోతే ఇప్పుడు రాత్రి భోజనాల దగ్గర మా ఇంట్లో తెలుగే. మొదటి వారం మా అమ్మాయి విసుక్కుంది. ఇప్పుడు చోడి అంబలికీ, నెత్తళ్ళ పులుసుకూ పేర్లు అడుగుతోంది.

ఈ రాత్రి మీ ఇంట్లో వడ్డించేటప్పుడు పిల్లలకు కూర పేరు ఒకసారి తెలుగులో చెప్పి చూడండి.