సంతకము సమ్మతి కాదు
(ఒక పఠనమందిరమున న్యాయవాది యొకరు చేసిన ఉపన్యాస పాఠము)

 

నేడు నేను ప్రసంగింపబూనిన విషయము శాస్త్రజ్ఞులకు మాత్రమే సంబంధించినదని కొందఱు తలంపవచ్చును. కాని మందుచీటి చేతబట్టి ఆసుపత్రి గడప త్రొక్కు ప్రతి మనుష్యునకును ఇది సంబంధించినదే. మనము మ్రింగు మాత్రయు, మన బిడ్డలకు వేయించు టీకాయు మొదట ఏదో యొక మూగజీవముమీదను, పిమ్మట ఎవరో యొకరి దేహముమీదను పరీక్షింపబడి మనకడకు వచ్చినవి. ఆ ఋణమును మనమంగీకరింపవలెను. అంగీకరించిన పిమ్మట పుట్టు ప్రశ్న యిది: దేహము నిచ్చినవాడు తెలిసి యిచ్చెనా? ఇయ్యనని చెప్పుటకు వానికి వీలుండెనా?

ఇది దూరదేశపు కథ కాదు. 1897 ఆగస్టులో సికిందరాబాదున సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ దోమలకు తన రక్తమిచ్చినవాడు హుసేన్ ఖాన్ అను రోగి. కాటునకొక అణా వంతున వానికి కూలి ముట్టెను. మఱుసటి యేడు కలకత్తాలో రాస్ పక్షులపై ప్రయోగములు జరిపి, దోమకాటు మూలముననే వాని మలేరియా వ్యాపించునని నిరూపించెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. రాస్ పేరు లోకమెఱుగును. హుసేన్ ఖాను నెఱిగినవారెందఱు? ఆనాడు వైద్యుని మనస్సాక్షియే శాసనము.

మనస్సాక్షి యొక్కటియే చాలదని ఇరువదవ శతాబ్దము లోకమునకు నేర్పినది. నాజీల నిర్బంధ శిబిరములలో ఖైదీలపై ఘోర ప్రయోగములు చేసిన వైద్యులను విచారించిన నూరెంబర్గు న్యాయస్థానము, 1947 ఆగస్టులో తీర్పు చెప్పుచు పది సూత్రములను నిర్దేశించెను. వానిలో మొదటిది, ప్రయోగమునకు లోనగువాని స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి యనునది. అయినను అమెరికాలో, అలబామా రాష్ట్రమందలి టస్కీగీ ప్రాంతమున, ప్రభుత్వ ఆరోగ్యశాఖవారే సుమారు 600 మంది బీద నల్లజాతి పురుషులను 1932 నుండి 1972 వఱకు పరిశీలించుచుండిరి. వారిలో 399 మంది సిఫిలిస్ రోగులు. పెన్సిలిన్ లభించిన తరువాత సైతము దాని నీయక, రోగమెట్లు ముదురునో చూచుచుండిరి! పత్రికలు బయటపెట్టినగాని అది ఆగలేదు.

ఇక మన యింటి సంగతి. 2009 జూలైలో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములందు, పది మొదలు పదునాలుగేండ్ల వయస్సుగల బాలికలకు గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరును నివారించు టీకా వేయు పరిశోధన ఆరంభమయ్యెను. పాత్ అను అమెరికా సంస్థయు, భారత వైద్య పరిశోధన మండలియు, రాష్ట్ర ప్రభుత్వమును అందు భాగస్వాములు. ఆ బాలికలలో పెక్కండ్రు గిరిజనులు. వసతిగృహములలో నుండి చదువుకొనువారు. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వము దానిని నిలిపివేసెను. ఇచ్చటను, గుజరాత్‌లోను టీకా పొందిన బాలికలలో ఏడుగురు మరణించిరి. విచారణ సంఘము ఆ మరణములకు టీకా బహుశః కారణము కాదని తేల్చెను. ఆ టీకా మేలైనదని లోకమంతయు అంగీకరించినది. నేను దానిని నిందించుట లేదు. కాని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము బయటపెట్టిన అంకెలను చిత్తగింపుడు. ఖమ్మమునకు చెందిన 9,543 సమ్మతి పత్రములలో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రములపై సంతకము చేసినవారు తల్లియు కాదు, తండ్రియు కాదు, వసతిగృహపు వార్డెన్లు!

న్యాయవాదిగ నాకు తోచినది మనవి చేయుదును. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము ప్రకారము, కన్నతండ్రియైనను న్యాయస్థానపు అనుమతి లేనిదే మైనరు బిడ్డ పేరనున్న గుంటెడు భూమిని అమ్మజాలడు. గుంటెడు నేలకు ఇంత కాపుదల నిచ్చిన దేశమున, ఆ బిడ్డ దేహమును పరిశోధన కప్పగించుటకు వార్డెను సంతకము చాలునా? “మేలు కొఱకే గదా” యందురేమో. పొరుగువాని యెడ్లను అడుగక తోలుకొనిపోయి, ప్రొద్దుగ్రుంకువేళ కడుపునిండ మేతవేసి తెచ్చి కట్టివేసినంత మాత్రమున అడిగి తీసికొన్నట్లగునా? ఇది మందు పరీక్ష కాదు, పరిశీలన మాత్రమే యను సమాధానమును స్థాయీ సంఘము అంగీకరింపలేదు. పేరు మార్చినచో బాధ్యత తీఱదు. అడుగకపోవుటవలన మంచి టీకాకే చెడ్డపేరు వచ్చినది. జనుల నమ్మిక పోయిన తరువాత శాస్త్రము ఎవరికి మేలు చేయగలదు?

2019 నాటి నూతన ఔషధముల, క్లినికల్ పరీక్షల నియమములు ఈ విషయమున స్పష్టముగనే యున్నవి. పాల్గొనువానికి తెలిసిన భాషలో విషయము నెఱిగింపవలెను. చదువనేరనివాని పక్షమున నిష్పక్షపాతియగు సాక్షి యుండవలెను. మైనరు విషయమున తల్లిదండ్రుల సమ్మతితోబాటు, తెలివి వచ్చిన బిడ్డ అంగీకారమును గొనవలెను. ఎప్పుడు వలదన్నను వైదొలగు హక్కు కలదు. పరీక్షవలన హాని కలిగినచో ఉచిత వైద్యమును, నష్టపరిహారమును ఒసంగవలెను.

సమ్మతి చెప్పుటకు నోరులేని జీవుల మాట యేమి? నోరులేనివానియెడ మన బాధ్యత తగ్గదు, హెచ్చును. రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ తెచ్చిన బిల్లు పర్యవసానముగ 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చెను. అది ప్రయోగములను నిషేధింపలేదు, హద్దులు గీచెను. వీలైనచోట ప్రయోగమును మానవలెను. పుస్తకములు, నమూనాలు, చలనచిత్రములు చాలుచోట విద్యార్థులకొఱకు జంతువును కోయరాదు. చేయి తిరుగుటకై మాత్రమే కత్తి పెట్టరాదు. బాధ తెలియకుండ మత్తుమందు నీయవలెను. దీనికి ఏడాది ముందుగ, 1959లో, రస్సెల్, బర్చ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు మూడు మాటలు చెప్పిరి: జంతువునకు బదులు వేఱుమార్గము వెదకుడు, సంఖ్య తగ్గింపుడు, బాధ తగ్గింపుడు. అలంకార సామగ్రికొఱకు జంతువులను పరీక్షించుటను మన దేశము 2014లో నిషేధించినది. మొగమునకు పూసికొను పూతకై కుందేలు కన్ను మండనక్కఱలేదు గదా!

మహాశయులారా! శాసనము మంచిదే, దానిని నిలుపువారెవరు? మందుల పరీక్షల ననుమతించు నీతి సంఘమున కనీసము ఏడుగురు సభ్యులుండవలెను. వారిలో సగము మంది వెలుపలివారు. ఒక స్త్రీ, ఒక న్యాయజ్ఞుడు, ఒక సామాన్యుడు తప్పక యుండవలెను. ఆ సామాన్యుడు మీలో ఒకడు కావచ్చును. పిలుపు వచ్చినప్పుడు పోవుడు. కాఫీ త్రాగి, చూపినచోట వ్రాలుచేసి రాకుడు. “ఈ పత్రము తెలుగున నున్నదా? కూలివానికి అర్థమగునా? వలదన్నచో వాని వైద్యమాగునా?” అని అడుగుడు. ఈ మూడు ప్రశ్నలకు పట్టభద్రత్వము అక్కఱలేదు. అడుగువాడొకడు ఆనాడు ఖమ్మమున నుండినచో, ఆ 2,763 పత్రములు తల్లిదండ్రుల చేతికి పోయియుండెడివి. శాస్త్రమునకు మన దేహమును ఇత్తము. కాని అడిగించుకొని ఇత్తము.