విదేశీ కొలువులలో మన పేర్లు
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



విదేశములలో ఉద్యోగులను చేర్చుకొనే పనిలో చాలకాలము ఉన్నాము గనుక ఆ అనుభవములు చెప్పుమని ఉత్సవ సంఘమువారు కోరారు. ఇప్పుడు దానిని మానవ వనరుల శాఖ అంటున్నారు. మేము దుబాయిలో చేరిననాడు అందరికీ అది పర్సనెల్ ఆఫీసే. జీతములు, సెలవులు, క్యాంపులో కొట్లాటలు, చివరకు శవపేటికలు కూడ మా బల్లమీదికే వచ్చేవి. అన్నీ చెప్పుటకు ఈ ఇరవై నిమిషములు చాలవు. ఒక్క పేర్ల సంగతి చెబుతాము.

పేరులో ఏమున్నది, అడిగి వ్రాసుకుంటే సరిపోతుంది అనుకొని పనిలో దిగాము. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత. చైనావారికీ అంతే. ఆంగ్లేయులకు తలక్రిందులు. ఫిలిప్పీనువారు నడుమ తల్లి పుట్టింటి పేరు పెట్టుకుంటారు. జావా ద్వీపమువారిలో ఒక్క పేరే ఉన్నవారు అనేకులు. ఇండోనేషియా మొదటి అధ్యక్షుడు సుకర్ణో అట్టివాడే. ఇథియోపియావారికి ఇంటిపేరు అనేదే లేదు, సొంత పేరు వెనుక తండ్రి పేరు ఉంటుంది. మా ఆఫీసులో ఆ దేశపు అమ్మాయి ఒకరు చేరితే, మర్యాద అనుకొని చివరి పేరుకు 'మిస్' చేర్చి నెలల తరబడి పిలిచాము. ఒకనాడు ఆమె నవ్వి, "అది మా నాన్నగారి పేరు. ఆయన అడిస్ అబాబాలో ఉన్నారు, మీరు పిలిస్తే వినపడదు" అన్నది.

అరబ్బీతో మరొక చిక్కు. ఆ లిపిలో 'ప' లేదు, 'బ' వ్రాస్తారు. మన పౌలు బౌలు అవుతాడు, పద్మ బద్మ అవుతుంది. హ్రస్వమైన అచ్చులు సాధారణముగా వ్రాయరు గనుక చదివేవారిని బట్టి పలుకు మారుతుంది. కార్మిక శాఖ కాగితములలో అరబ్బీ, పాస్‌పోర్టులో ఇంగ్లీషు, ఇంటి దగ్గర కాగితములలో తెలుగు. మనిషి మాత్రము ఒక్కడే.

ఇంతవరకు నవ్వులాటగానే ఉన్నది. 2011 వేసవిలో మా కంపెనీలో గోదావరి ప్రాంతపు వెల్డరు ఒకరు నిద్రలోనే చనిపోయారు. ఆరు సంవత్సరములు పనిచేసిన మనిషి. అక్కడి చట్టము ప్రకారము మొదటి ఐదేళ్ళకు ఏటా 21 రోజుల మూలవేతనము, ఆపైన ఏటా 30 రోజులది గ్రాట్యుటీగా రావాలి. అనగా 135 రోజుల జీతము. కంపెనీకి అది లెక్కలోనిది కాదు. ఆ ఇంటికి కుమార్తె చదువు.

భార్య పేరు అతని పాస్‌పోర్టులో మరియమ్మ. రేషను కార్డులోను, బ్యాంకు పుస్తకములోను లక్ష్మి. ఒకటి బాప్తిస్మమునాటి పేరు, ఒకటి పుట్టిననాటి పేరు. మన ఇండ్లలో ఇట్టివారు ఎందరో ఉన్నారు, మనకు వింత కాదు. కాని మా లెక్కల ఆఫీసరుకు అక్కడ ఇద్దరు స్త్రీలు కనబడ్డారు. "ఇతనికి ఇద్దరు భార్యలా?" అని మమ్ములనే అడిగాడు. ఆ ప్రశ్న ఫోనులో ఆమెకు ఎలా చెప్పాలో మాకు తెలియలేదు. ఆమె తహసీల్దారు ఆఫీసుకు, నోటరీకి, ఆపైన విదేశాంగ శాఖ ముద్రకు, దౌత్య కార్యాలయపు ముద్రకు తిరిగింది. డబ్బు చేతికి వచ్చేసరికి తొమ్మిది నెలలు. ఆ ఏడు పిల్ల బడికి పోలేదు.

తప్పు మాది. అతడు చేరిన సాయంత్రము ఒకే విమానములో దిగిన 40 మందిని చేర్చుకున్నాము. బస్సు బయట ఆగి ఉన్నది. పాస్‌పోర్టు చూసి ఫారములో భార్య పేరు ఎక్కించాము, అతనిని అడగలేదు. అడిగితే రెండు పేర్లూ చెప్పేవాడు, ఇద్దరూ ఒక్కరేనని వ్రాసి సంతకము పెట్టించేవారము. పైగా మేమూ తెలుగువారమే.

ఆ తరువాత ప్రతి మనిషిని కూర్చోబెట్టి, మీ ఇంట్లో ఎవరెవరికి ఏయే పేర్లున్నవి అని అడగడము మొదలుపెట్టాము. ఒక్క సాయంత్రపు పని రెండు రోజులు పట్టేది. మేనేజరు సణిగాడు. సణగనిచ్చాము.

ఇక ప్రయాణమునకు సిద్ధమవుతున్న మన పిల్లలకు రెండు మాటలు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదలవద్దు. 2022 నవంబరులో ఎమిరేట్సువారు ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టులకు సందర్శక వీసాలు ఇవ్వమన్నారు. అమెరికావారైతే ఉన్న ఒక్క పేరును ఇంటిపేరు గడిలో వేసి, సొంత పేరు గడిలో 'ఎఫ్.ఎన్.యు.' అని వ్రాస్తారు, అనగా పేరు తెలియదని! మనవాళ్ళను అక్కడ మిస్టర్ ఎఫ్.ఎన్.యు. అని పిలిచినవారూ ఉన్నారు.

భోజనముల తరువాత సండే స్కూలు గదిలో కూర్చుంటాము. ప్రయాణము దగ్గరపడినవారు పాస్‌పోర్టు, భార్య ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకము తీసుకొని రండి. పెండ్లి రిజిస్టరు తెస్తామని అయ్యగారు అన్నారు.