మా మేనమామగారి రేడియో దుకాణము

మనవారి వ్యాపారములను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారి యాజ్ఞ. పిల్లలచే శబ్దమంజరి వల్లె వేయించి పింఛను పుచ్చుకొనుచున్న మాకు వ్యాపార మేమి తెలియును? అయినను శబ్దము నమ్ముకొని బ్రదికిన యొక దుకాణమును మే మెఱుగుదుము. అది విజయవాడ గవర్నరుపేటలోని మా మేనమామగారిది.

1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలో ఆలిండియా రేడియో కేంద్రము వెలసెను. అంతవఱకు మనవారు 1938లో నెలకొన్న మదరాసు కేంద్రమునకై చెవులు రిక్కించెడివారు. మామగారు సైకిళ్ల మరమ్మతు మాని రేడియోలు పెట్టిరి. నాటివి వాల్వు రేడియోలు. వాల్వులు వేడెక్కినగాని పలుకవు. పైగా తపాలాకచ్చేరిలో ఏటేట లైసెన్సు రుసుము! ఆయన యమ్మినవి ఎక్కువగా ఫిలిప్సువి. హాలండులో 1891న ఫ్రెడెరిక్, గెరార్డ్ అను తండ్రికొడుకులు దీపముల బల్బులకై పెట్టిన సంస్థ యది. 1895లో తమ్ముడు ఆంటన్ చేరి సరకు నమ్మెను. 1927లో రేడియోలు వెలువడెను. “ఒకడు చేయవలె, ఒకడు అమ్మవలెనురా” యని మామగారు మాటిమాటికి ననెడివారు.

ట్రాన్సిస్టరు వచ్చినపిమ్మట కరెంటు లేని దివిసీమ పల్లెలలోను ఆయనకు ఖాతాదారు లేర్పడిరి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చెను. వేలకొలది జనులు పోయిరి. బ్రదికినవారు కొందఱు బురద నిండిన ట్రాన్సిస్టర్లు తెచ్చిరి. మామగారు వానిని విప్పి, మంచినీట కడిగి, ఎండబెట్టి, పైకము పుచ్చుకొనక యిచ్చిరి. దివిసీమ వాయిదాల పద్దుపుస్తకమునకు దారము చుట్టి అటకపై పెట్టిరి. టోకు వర్తకుల బాకీకి మాత్రము రెండెకరములు అమ్మవలసివచ్చెను. అత్తగారు చాలనాళ్లు మాటలాడలేదు.

ఆయన కుమారుడు పదునాలుగేండ్లకే సోల్డరింగు చేయ నేర్చినవాడు. వానిని కొట్టున కూర్చుండబెట్టుటయా, చదివించుటయా యని మామగారు మమ్మడిగిరి. అప్పుడే ఉద్యోగమున చేరిన పంతులము గదా, చదువే యంటిమి. వాడు బ్యాంకున చేరెను. క్యాసెట్ల రోజులలో గిరాకి పెరిగినను, కొట్టున కూలివాండ్రే గాని యింటివాడు లేడు. మామగారి చూపు మందగించినది, తలుపులు మూసిరి.

నిరుడు మా యింటి పాత వాల్వు రేడియో మూగవోయెను. బీసెంటురోడ్డు మొదలుకొని తిరిగితిమి, విప్పువాడు దొరకలేదు. బ్యాంకునుండి విశ్రాంతి గొన్న బావమరిది సంచితో వచ్చి, వెనుకరేకు తీసి, చెడిన కండెన్సరు మార్చెను. గరగరమని పాట వచ్చినది. వాడు మావంక చూడకయే, “బావా, నా కీపని వచ్చునని నీకు అప్పుడే తెలుసు గదా!” యనెను. మేము కాఫీ తెమ్మని లోపలికి కేక వేసితిమి.