వాడిన చేను చచ్చిన చేను కాదు



హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో మనకు ముద్ద పెట్టే పంట రాగి. వాన వెనకబడితే మిట్టమధ్యాహ్నం రాగి ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోతాయి. చేను చచ్చిందనుకుంటాం. నిజంగా చచ్చిందా?

2016లో వానలు సరిగా లేవు. ఒకరోజు తరగతిలో ఓ పిల్లవాడు, "సార్, మా నాయన రేపు చేనిలోకి ఎనుముల్ని తోలేస్తాడంట" అన్నాడు. "తెల్లవారుజామున ఒకసారి ఆకులు చూడమని చెప్పు" అన్నాను. మరునాడు వాడే వచ్చి, "విచ్చుకున్నాయి సార్" అన్నాడు.

ఇందులో మాయ లేదు. నేల ఎండితే వేళ్ళలోనూ ఆకుల్లోనూ అబ్సిసిక్ ఆమ్లం అనే పదార్థం పెరుగుతుంది. దాంతో ఆకుల మీది పత్రరంధ్రాలు మూసుకుంటాయి. నీటి ఖర్చు తగ్గుతుంది. ఆకు చుట్టుకుంటే ఎండ తగిలే మేరా తగ్గుతుంది. రాత్రి చల్లబడ్డాక, వేళ్ళకు కాస్త తేమ అందితే ఆకు మళ్ళీ విచ్చుకుంటుంది. తెల్లవారినా విచ్చుకోకపోతే మాత్రం ప్రమాదమే.

గోధుమ కూడా ఇలాగే రంధ్రాలు మూసుకుంటుంది. కానీ రంధ్రాలు మూసుకుంటే గాలిలోని బొగ్గుపులుసు వాయువు తక్కువగా అందుతుంది. మొక్కకు ఆహారం తగ్గుతుంది. రాగి ఆకుకు ఆ వాయువును లోపల కూడబెట్టుకునే ఏర్పాటుంది. అందుకే ఎండలో, తక్కువ నీటితో, గోధుమకన్నా బాగా నెట్టుకొస్తుంది.

అయితే ఈ ఓర్పుకూ హద్దుంది. పిలకలు వేసే దశలో ఎండినా, తర్వాత వాన పడితే పైరు చాలావరకు కోలుకుంటుంది. వెన్ను తీసి పూత పట్టేటప్పుడు ఎండితే గింజ నష్టం పూడదు. ఒక్క తడికే నీళ్ళుంటే ఆ దశకే దాచుకోండి. కలుపు తీసి తేమ నిలపండి. పొడి నేల మీద యూరియా చల్లకండి. మన జిల్లాలోనే, పైయూరు పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన రాగి రకాలున్నాయి. విత్తే ముందు అక్కడ విచారించండి.

ఆ పిల్లవాడి చేనులో ఆ ఏడు సగం పంటే వచ్చింది. అయినా ఇంటికి ముద్దా, ఎనుములకు గడ్డీ దక్కాయి. కాబట్టి మధ్యాహ్నం చూసి తీర్పు చెప్పకండి. తెల్లవారాక చూడండి.