ఆర్మూరు నుండి కందకుర్తి దాక: ఒక దినపు మార్గయానము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ప్రసంగము)



1830వ సంవత్సరమున ఏనుగుల వీరాస్వామయ్యగారు మదరాసు నుండి కాశికి బయలుదేరి, పదునైదు మాసములు తిరిగి, చూచిన ఊళ్లను, బాటల మంచిచెడ్డలను దినచర్యగా వ్రాసిపెట్టిరి. దూరదేశము పోవువానికి కన్నులు తమంతట తామే తెరచుకొనును. సొంత జిల్లాలో తిరుగువాడు బేరము ముగించుకొని చీకటిపడకముందే ఇల్లు చేరును. నిత్యము నడచు దారినే ఒక దినము నిదానముగా పోయినచో ఏమి కానవచ్చునో విన్నవించుట ఈ ప్రసంగమున కుద్దేశము.

ఆర్మూరున నవనాథ సిద్ధేశ్వరుని గుట్టపై నల్లరాళ్లకు తొలియెండ సోకువేళ ప్రయాణికుడు నిజామాబాదు బాట పట్టవలెను. మాఘ ఫాల్గుణములందైనచో కల్లములలో పసుపు పరచియుండును. తొలకరిలో విత్తిన పంట తొమ్మిది నెలలు భూమిలో నుండి, త్రవ్వబడి, ఉడికి, ఎండి, కొమ్ము వేరు మండ వేరుగా బస్తాల కెక్కును. కొలది దూరముననే అంకాపూరు గలదు. సంకర విత్తనములకును, కూరగాయలకును, నాటుకోడి కూరకును పేరుగాంచిన ఊరది.

ఆ బస్తాలు చేరునది నిజామాబాదు మార్కెట్టు యార్డు. తొమ్మిది నెలల కష్టమునకు వెల అచ్చట ఒక పూటలో తేలును. ఆ వెల గిట్టుబాటు కాకపోవుటచేతనే 2019 లోక్‌సభ ఎన్నికలలో ఈ స్థానమునకు పోటీచేసిన 185 మందిలో 178 మంది రైతులే యైరి. వారు కోరిన జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో ఈ పట్టణముననే ప్రారంభమయ్యెను.

ఇచ్చటి ఖిల్లా జైలును చూడక ముందుకు సాగరాదు. నిజాము కాలమున దాశరథి కృష్ణమాచార్యులు, వట్టికోట ఆళ్వారుస్వామి ఇందు నిర్బంధింపబడిరి. దాశరథి గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసిరి. ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పి, ఊరూర తిరిగి పుస్తకములమ్మిన మహనీయుడు. ప్రతి గ్రంథాలయమును వారికి ఋణపడియున్నది.

మధ్యాహ్నమునకు బోధను. అశ్మక జనపదపు రాజధాని పోదన మిదియే యని చరిత్రకారులందురు. మంజీరపై 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరు నీటితో ఈ ప్రాంతమున చెరకు పెరిగెను. చెరకును నమ్మి 1937లో నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. ఒకప్పుడు ఆసియాలోని పెద్ద చక్కెర కర్మాగారములలో ఒకటిగా దానిని చెప్పుకొనెడివారు. 2015 డిసెంబరులో అది మూతపడెను. రైతులు కొందరు చెరకును దూరపు మిల్లులకు తోలిరి. పెక్కుమంది వరివైపు మరలిరి. అశ్మక రాజ్యము పోయి పేరు మిగిలినట్లే, చక్కెర పోయి శక్కర్‌నగరను పేరు మిగిలెను.

ప్రొద్దు వాలునప్పటికి కందకుర్తి. గోదావరి తెలంగాణమున నడుగిడునది ఇచ్చటనే. మంజీర, హరిద్ర దానితో కలియుటచే ఇది త్రివేణీ సంగమమైనది. హరిద్ర యనగా పసుపు! పసుపు నేల నుండి బయలుదేరినవాడు పసుపు పేరుగల ఏటిని చేరినాడన్నమాట. ఈ నీరు పోచంపాడున, 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగరమున నిలుచును. నిజాంసాగరు కాలువ చివరి భూములకు నీరందనందున, ఈ జలాశయము నుండియే గుత్ప ఎత్తిపోతల పథకము ఆర్మూరు వైపు చేలకు నీరు చేర్చుచున్నది. సాయంకాలము చూచిన నీరే ఉదయము విడిచిన చేల దప్పి తీర్చునది.

ఇక దినపు జమాఖర్చు తేల్చుదము. జమలో నీరు, నేల, రైతు నేర్పు గలవు. ఈ మూడును గల పంటకైనను కొనువాడు కరవైన నిలుకడ లేదని బోధను చెప్పుచున్నది. చెరకునకు గలిగిన గతి పసుపునకు పట్టకుండవలెనన్న, బోర్డు నామఫలకమును చూచి తృప్తిపడిన చాలదు. దాని పద్దులను ఏటేట అడిగి తెచ్చి చదువగలవారు పల్లెపల్లెకు నుండవలెను. అట్టి చదువరులను తీర్చుటయే రాబోవు ఇరువదియైదేండ్లకు గ్రంథాలయమునకు గల పని.